ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఎంఎస్ అయిపోవస్తోంది. ఫార్మసిస్ట్‌గా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కావాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

మిర్యాలగూడ_ఫార్మ్‌డి అడిగిన ప్రశ్న

నల్లగొండ జిల్లాలోనే జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో ఆరేళ్ల ఫార్మ్.డి చదివాను. ఇప్పుడు అమెరికాలో ఫార్మాస్యూటికల్ సైన్సెస్ ఎంఎస్ చివరి సెమిస్టర్. ప్రోగ్రాం డిసెంబర్ 18న ముగుస్తుంది. ఐ-20 (కాలేజీ ఇచ్చిన స్టూడెంట్ వీసా పత్రం) మీద సీఐపీ కోడ్ (కోర్సు వర్గం నంబర్) 51.2010 అని ఉంది. తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్లకు ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ దరఖాస్తు నడుస్తోంది, దానికి ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాయాలి. టోఫెల్‌లో స్పీకింగ్ 24 దగ్గర ఆగింది.

నా అనుమానాలు ఇవి. ఓపీటీ (చదువు అయ్యాక వచ్చే పని అనుమతి) ఎప్పుడు మొదలయ్యేలా పెట్టుకోవాలి? లైసెన్స్‌కు కావాల్సిన ఇంటర్న్ గంటలు సీపీటీలో (చదువుతుండగా ఇచ్చే పని అనుమతి) చేయొచ్చా, ఓపీటీలోనే చేయాలా? ఒక మందుల షాపు ఓనర్ "ముందు టెక్నీషియన్‌గా చేరండి, తర్వాత స్పాన్సర్ చేస్తాం" అంటున్నారు, అలా కుదురుతుందా? హెచ్-1బీకి పెట్టిన లక్ష డాలర్ల ఫీజు నాలాంటి వాళ్లకు పడుతుందా? ఇంకొకటి, నా రూమ్మేట్‌ది మహబూబ్‌నగర్, నాలుగేళ్ల బి.ఫార్మ్ చేసి ఎంఎస్‌కు వచ్చింది. తనకు ఫార్మసిస్ట్ దారి ఉందా?

తెలిసిన అన్నలు, అక్కలు కొంచెం వివరంగా చెప్పండి.

పాలమూరు_ఆర్‌పీహెచ్

చెల్లె, అందరూ స్పాన్సర్ ఎక్కడ దొరుకుతాడని వెతుకుతరు. ఫార్మసీలో స్పాన్సర్ చివరి మెట్టు. ఫార్మసిస్ట్ పోస్టుకు హెచ్-1బీ పిటిషన్ వేయాలంటే ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ చేతిలో ఉండాలె. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆ అడ్డు లేదు, అందుకే వాళ్ల ప్లాన్ చూసి మనం నడిస్తే మధ్యలో ఇరుక్కుంటం. కాబట్టి ముందు లైసెన్స్‌కు ఎన్ని నెలలు పడుతయో లెక్కెయ్యి, ఆ తర్వాత వీసా క్యాలెండర్ దాని మీద పరుచు.

లైసెన్స్ దారి ఇట్ల ఉంటది. ఎఫ్‌పీజీఈఈ పాస్, టోఫెల్ పాస్, రెండూ కలిస్తే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్. అది పెట్టి రాష్ట్ర బోర్డు దగ్గర ఇంటర్న్ లైసెన్స్. దాని మీద గంటలు. తర్వాత నాప్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, ఆ రాష్ట్ర చట్టం మీద ఎంపీజేఈ పరీక్ష. కాలిఫోర్నియాలో ఎంపీజేఈ బదులు సీపీజేఈ. గంటలు కాలిఫోర్నియాలో 1,500, తక్కిన రాష్ట్రాలల్ల ఎవరి లెక్క వాళ్లది. బోర్డు వెబ్‌సైట్‌లో విదేశీ గ్రాడ్యుయేట్ల పేజీ వేరే ఉంటది, అమెరికాల చదివినోళ్ల పేజీ చూసి మోసపోవద్దు.

1,500 గంటలంటే వారానికి 40 చొప్పున 37 వారాల పైచిలుకు. దగ్గర దగ్గర తొమ్మిది నెలలు. నీ మొదటి ఓపీటీ 12 నెలలే. అంటే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ లేకుండా ఓపీటీ మొదలుపెడితే నీ ఏడాది ఉత్తగ కరిగిపోతది.

టోఫెల్ కటాఫ్‌లు పాత 0–30 స్కేల్‌లో రీడింగ్ 22, లిజనింగ్ 21, స్పీకింగ్ 26, రైటింగ్ 24. నాలుగూ ఒకే సిట్టింగ్‌ల రావాలె. స్పీకింగ్ 24 నుంచి 26 చిన్న తేడా లెక్క కనపడ్తది గాని మనోళ్లు ఎక్కువమంది ఆగేది అక్కడనే. ఇంగ్లిష్ రాక కాదు, టైం అయిపోయే ముందే జవాబు ముగించలేక. ప్రతి జవాబు రికార్డ్ చేసి, ఆఖరి వాక్యం తెగిపోయిందా లేదా అని విను. మార్కులు పోయేది ఆ తెగిన కాడనే.

ఎఫ్‌పీజీఈఈలో 200 ప్రశ్నలు. మన ఫార్మ్.డి వాళ్లకు ఫార్మకాలజీ, థెరప్యూటిక్స్ గట్టిగనే ఉంటయి. దెబ్బ తినేది బయోస్టాటిస్టిక్స్, ఫార్మకో ఎకనామిక్స్, ఫార్మసీ మేనేజ్‌మెంట్, అమెరికా ఆరోగ్య వ్యవస్థ దగ్గర. మెడికేర్ పార్ట్ ఏ, బీ, సీ, డీ ఏది దేనికి, మెడికెయిడ్ ఎవరికి, పీబీఎం (మందుల బీమా నడిపే సంస్థ) అంటే ఏం చేస్తది, ఫార్ములరీల (బీమా ఇచ్చే మందుల జాబితా) టియర్లు ఎట్ల ఉంటయి, ఇవి మన సిలబస్‌లో లేవు. పరీక్ష ఏడాదిలో ఎప్పుడు పడితే అప్పుడు ఉండదు, పెట్టిన తేదీలల్లనే. తప్పితే నెలలు పోతయి. ఓపీటీ క్యాలెండర్ మీద అన్నిటికంటే గట్టి దెబ్బ అదే.

టెక్నీషియన్ మాట: టెక్నీషియన్ పోస్టుకు హెచ్-1బీ రాదు, దానికి డిగ్రీ అవసరం లేదు కాబట్టి. పైగా టెక్నీషియన్‌గా నిలబడ్డ గంటలు ఇంటర్న్ గంటల కింద లెక్కకు రావు. ఇంటర్న్ లైసెన్స్ మీద ఉన్న తేదీకి ముందు చేసిన పని ఎంత నిజమైనదైనా బోర్డు కొట్టేస్తది. ఆ షాపాయన మంచి మనసుతోనే చెప్పిండొచ్చు, కానీ ఆయన చెప్పిన వరుసల నీకు మిగిలేది ఏం లేదు. ఆయన్ని అడగాల్సింది ఒక్కటే: "ఇంటర్న్‌గా తీసుకుంటరా, మీ ఫార్మసిస్ట్ ప్రిసెప్టర్‌గా, అంటే గంటలు పర్యవేక్షించేటోడిగ, సంతకం పెడ్తరా?"

మన దగ్గర ఆసుపత్రిల చేసిన ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్ ఇక్కడి గంటలల్ల కలుస్తదని అనుకోకు. బోర్డు రాతల ఒప్పుకుంటే తప్ప దాన్ని సున్నా కిందనే పెట్టుకొని లెక్కెయ్యి.

కోదాడ_పేపర్‌వర్క్

పై జవాబుతో నూరు శాతం ఏకీభవిస్తాను. నేను తేదీలు, ఫారాల సంగతి రాస్తాను.

మీ ప్రోగ్రాం డిసెంబర్ 18న ముగిస్తే ఐ-765 (ఓపీటీ దరఖాస్తు ఫారం) వేయడానికి ముందువైపు 90 రోజులు, వెనకవైపు 60 రోజులు ఉంటాయి. అంటే సెప్టెంబర్ 19 నుంచి ఫిబ్రవరి 16 దాకా. ఓపీటీ మొదలయ్యే తేదీ కూడా ప్రోగ్రాం ముగిసిన 60 రోజుల లోపే ఉండాలి, కనుక గరిష్ఠంగా ఫిబ్రవరి 16. డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల అధికారి) సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) సిఫారసు పెట్టిన 30 రోజుల్లోగా దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కు (ఇమిగ్రేషన్ శాఖ) చేరాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, కొత్త ఐ-20 ముందే తెప్పించుకుని, ఫొటో కోసమో డబ్బు కోసమో ఆగి, 31వ రోజున వేస్తారు. అది తిరస్కరణే. ఫీజు కూడా పోతుంది.

మీ పరిస్థితిలో తేదీ వీలైనంత ఆలస్యంగా, ఫిబ్రవరి మధ్యకు పెట్టుకోవడమే మేలు. ఎఫ్‌పీజీఈఈకి, టోఫెల్‌కు ఆ రెండు నెలలు దొరుకుతాయి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు, శని ఆదివారాలతో సహా. ఆలోపు సర్టిఫికెట్ రాకపోతే మీ ఎంఎస్‌కు సంబంధించిన పని, అంటే క్వాలిటీ, రెగ్యులేటరీ అఫైర్స్, ఫార్ములేషన్, ఫార్మకోవిజిలెన్స్ లాంటిది, వారానికి 20 గంటలకు తగ్గకుండా పట్టుకోండి. అప్పుడు నిరుద్యోగ రోజుల లెక్క ఆగుతుంది. చేరిన 10 రోజుల్లో ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో కంపెనీ వివరాలు ఎక్కించాలి. పని చేస్తూ కూడా పోర్టల్‌లో ఎక్కించని వాళ్లకు ఆ రోజులు నిరుద్యోగం కింద పడి స్టేటస్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఐ-765లోనే సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి అన్న గడి ఉంటుంది, అది టిక్ చేయండి. చాలా రాష్ట్ర బోర్డులు ఇంటర్న్ దరఖాస్తులో ఆ నంబర్ అడుగుతాయి. క్యాంపస్ ఉద్యోగం ఎన్నడూ చేయని వాళ్ల దగ్గర అది ఉండదు, సర్టిఫికెట్ ఉండి కూడా లైసెన్స్ ఆగిపోతుంది.

సీపీటీ గురించి అడిగారు. సీపీటీ మీ కోర్సులో భాగమైన పనికే. ఎంఎస్ సిలబస్‌లో ఫార్మసీ ప్రాక్టీస్ ఇంటర్న్‌షిప్ అనే కోర్సు లేకపోతే డీఎస్‌ఓ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పూర్తి సమయపు సీపీటీ 12 నెలలు నిండిందా, ఆ స్థాయిలో ఓపీటీ హక్కే పోతుంది. చివరి సెమిస్టర్‌లో ఉన్నారు కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోవద్దు. జీతం లేకుండా చేస్తాను, ఎవరికీ తెలియదు అనే ఆలోచన అసలే వద్దు. బోర్డుకు ఇచ్చే గంటల అఫిడవిట్ మీద తేదీలు ఉంటాయి, ఆ తేదీల్లో మీకు పని అనుమతి లేదని రేపు హెచ్-1బీ ఫైల్‌లో కనిపిస్తుంది.

ఇక అసలు ముడి. ఫిబ్రవరి 16న ఓపీటీ మొదలై, అదే రోజు ఇంటర్న్‌గా చేరారనుకుందాం. నవంబర్ మొదట్లో 1,500 గంటలు పూర్తి. నాప్లెక్స్, చట్టం పరీక్ష, లైసెన్స్ వచ్చేసరికి సంవత్సరాంతం. హెచ్-1బీ రిజిస్ట్రేషన్ మార్చిలో. మీ ఓపీటీ ఫిబ్రవరి 15న ముగుస్తుంది. పిటిషన్ ఏప్రిల్ 1కి ముందు వేయలేరు, అంటే నెలన్నర ఖాళీ! ఈ ఖాళీ చిన్నదే కానీ ఫార్మసీ వాళ్ల ఫైళ్లు ఎక్కువగా చచ్చేది ఇందులోనే.

దీన్ని పూడ్చడానికి రెండు దారులు. మొదటిది సైన్స్, టెక్నాలజీ కోర్సుల వాళ్లకు అదనంగా ఇచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీ. 51.2010 స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి మీకు హక్కుంది. ఐ-20 మొదటి పేజీలో మేజర్ పేరు పక్కన ఆ ఆరు అంకెలు సరిగ్గా ఉన్నాయా అని ఈరోజే చూసుకోండి. కానీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి తనిఖీ చేసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, జీతం ఇవ్వాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఆ ప్రణాళికలో పని మీ ఎంఎస్‌తో నేరుగా ముడిపడాలి. కౌంటర్ దగ్గర మందులిచ్చే పనిని ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌తో ముడిపెట్టడం కష్టం. స్టెరైల్ కాంపౌండింగ్, ఫార్మకోకైనెటిక్ డోసింగ్, డ్రగ్ ఇన్ఫర్మేషన్ ఉన్న ఆసుపత్రి పోస్టైతే రాసుకోవడానికి గట్టి ఆధారం ఉంటుంది. డీఎస్‌ఓతో నవంబర్‌లోనే మాట్లాడండి. దరఖాస్తు పాత ఓపీటీ ముగియకముందే పడాలి, అప్పుడు 180 రోజుల దాకా పని కొనసాగించవచ్చు.

రెండోది క్యాప్ (హెచ్-1బీల ఏటా పరిమితి) మినహాయింపు ఉన్న యజమాని. యూనివర్సిటీలు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని ఆసుపత్రులు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. వీళ్లకు లాటరీ లేదు, మార్చి రిజిస్ట్రేషన్ లేదు, అక్టోబర్‌లో పని మొదలయ్యేదాకా ఆగడం లేదు. డిసెంబర్‌లో లైసెన్స్ వస్తే జనవరిలో పిటిషన్ వేయవచ్చు, ప్రీమియం (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కడితే 15 పని దినాల్లో నిర్ణయం. ఒక జాగ్రత్త: క్యాప్-గ్యాప్ పొడిగింపు (పిటిషన్ నడుస్తుండగా ఓపీటీ కొనసాగడం) లాటరీ పిటిషన్లకే. క్యాప్ మినహాయింపు పిటిషన్ నిర్ణయం ఓపీటీ ముగిసేలోగా రాకపోతే పని ఆపాల్సిందే. తర్వాత అక్కడి నుంచి ప్రైవేటు చెయిన్‌కు మారాలంటే మళ్లీ లాటరీ తప్పదు.

లాటరీ దారిలో వెళ్లేవాళ్లకు: ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకు అదనంగా 20,000. రిజిస్ట్రేషన్ ఫీజు 215 డాలర్లు. 2026 ఫిబ్రవరి 27 నుంచి ఎంపిక వేతన స్థాయిని బట్టి జరుగుతుంది. నాలుగో స్థాయి జీతమైతే పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయికి ఒక్కసారి పడుతుంది. ఈ స్థాయి డాలర్ల మొత్తాన్ని బట్టి కాదు, ఆ ఊరి ప్రాంతంలో ఆ వృత్తికి ఉన్న వేతనాన్ని బట్టి. కార్మిక శాఖ వృత్తి కోడ్‌లలో ఫార్మసిస్ట్‌ది 29-1051. పెద్ద నగరంలో రెండో స్థాయి అయ్యే జీతమే పల్లె ప్రాంతంలో మూడో స్థాయి కావచ్చు. మనవాళ్లందరూ నగరాల్లోనే వెతుకుతారు, లెక్క మాత్రం చిన్న ఊళ్ల వైపు మొగ్గే వీలుంది. కార్మిక శాఖ వేతన వెబ్‌సైట్‌లో కౌంటీ, కోడ్ కొట్టి చూస్తే నాలుగు స్థాయిలూ కనిపిస్తాయి.

రెండు మూడు కన్సల్టెన్సీలతో రిజిస్ట్రేషన్ వేయిస్తే అవకాశం పెరుగుతుందన్న మాట పాతది. ఇప్పుడు ఎంపిక మనిషిని బట్టి, పాస్‌పోర్ట్‌ను బట్టి. వేర్వేరు స్థాయిల్లో రిజిస్ట్రేషన్లు పడితే వాటిలో తక్కువ స్థాయినే తీసుకుంటారు, అంటే నష్టమే.

లక్ష డాలర్ల సంగతి: అధ్యక్షుడి ప్రకటన ప్రకారం 2025 సెప్టెంబర్ 21 నుంచి వేసిన కొత్త పిటిషన్లకు, అమెరికా బయట ఉన్నవాళ్లకు అది. దేశం లోపల ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి స్టేటస్ మార్పు అడిగే పిటిషన్‌కు పడదని అదే ఏడాది అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్ స్పష్టం చేసింది. అయితే స్టేటస్ మార్పు ఆమోదం రాకముందే దేశం దాటితే ఆ మార్పు అభ్యర్థన వదులుకున్నట్టు అవుతుంది, ఫీజు మీద పడుతుంది. కాబట్టి ఇంట్లో పెళ్లి ఉందనో, దసరాకు రమ్మన్నారనో పిటిషన్ నడుస్తుండగా విమానం ఎక్కవద్దు. ఆ ప్రకటనకు 12 నెలల గడువు రాశారు, పొడిగించే వీలు కూడా అందులోనే ఉంది. పిటిషన్ వేసే వారం నాటికి ఏది అమల్లో ఉందో లాయర్‌ను అడగండి.

చివరగా డబ్బు. హెచ్-1బీ పిటిషన్‌తో కట్టే ఏసీడబ్ల్యూఐఏ శిక్షణ ఫీజు, 750 లేదా 1,500 డాలర్లు, యజమానే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయడం చట్టవిరుద్ధం. "సగం మీరు పెట్టుకోండి" అన్నవాళ్లు తర్వాత జీతం దగ్గర కూడా అలాగే ఉంటారు.

వనపర్తి_అక్క

మన దగ్గరి నుంచి తెప్పించే కాగితాల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. ఎఫ్‌పీజీఈసీ ఫైళ్లు ఆగేది ఎక్కువగా ఇక్కడనే.

ట్రాన్స్‌క్రిప్ట్‌లు యూనివర్సిటీ నుంచి నేరుగా ఈసీఈకి (చదువు కాగితాలు పరిశీలించే సంస్థ) పోవాలె. కూకట్‌పల్లి ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అమ్మో నాన్నో తీసుకొని, నల్లగొండ బస్టాండ్ దగ్గర కొరియర్ చేస్తే అది విద్యార్థి పంపిన కవరే అయితది. సీల్ వేసి ఉన్నా సరే. దరఖాస్తు పెట్టేటప్పుడే పంపాల్సిన చిరునామా, మీ ఈసీఈ రిఫరెన్స్ నంబర్ రాసియ్యాలె. నంబర్ లేని కవర్ అక్కడికి చేరినా మీ ఫైల్‌లో కలవడానికి వారాలు పడ్తది.

పీసీ (ప్రొవిజనల్), సీఎంఎం (మార్కుల మెమో) ఉంటే చాలనుకొని ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోనోళ్లు చాలామంది ఉంటరు. ఇక్కడ అడిగేది ఓడీ. ఊర్ల ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. ఫార్మ్.డి వాళ్లు ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మరిస్తే ఐదేళ్ల చదువు ఎక్కడ, ఆరో ఏడాది ఎక్కడ అని ప్రశ్న వస్తది.

పేరు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో మళ్లీ ఇంటిపేరు ముందు. మనకు ముగ్గురూ ఒక్కరే. ఎఫ్‌పీజీఈసీ ఇచ్చే ఎన్‌ఏబీపీకి ముగ్గురూ వేరు. ఎన్‌ఏబీపీ ప్రొఫైల్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే తెరవండి, పరీక్ష సెంటర్‌లో చూసేది అదే. తేడా ఉన్న కాగితాలకు నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. పెళ్లయినోళ్లు పాస్‌పోర్ట్‌లో పేరు మార్పించేది ఉంటే ఈ ప్రక్రియ మొత్తం అయ్యేదాకా ఆగండి.

కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పిందేమో చూసుకోండి. లైసెన్స్ ఉన్నట్టు రుజువు అడిగినప్పుడు గడువు దాటిన కార్డు పెడితే ఫైల్ అక్కడనే కూర్చుంటది. వాళ్లిచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మీద తేదీ పాతదైతే మళ్లీ అడుగుతరు, అందుకని మరీ ముందుగా తీసుకోకండి.

ఇప్పుడు మీ రూమ్మేట్ సంగతి. 2003 జనవరి 1 నుంచి పట్టా తీసుకున్నోళ్లకు ఎఫ్‌పీజీఈసీ కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతది. నాలుగేళ్ల బి.ఫార్మ్‌తో దరఖాస్తు కూడా నిలవదు. మీద చేసిన ఎంఎస్ ఆ ఐదో ఏడాది కింద కలవదు. ఎవరన్నా కలుస్తది అని డబ్బులు అడిగితే ఇయ్యకండి. తనకు అమెరికాలో ఫార్మసిస్ట్ కావాలంటే ఏసీపీఈ (అక్కడి ఫార్మసీ చదువుల గుర్తింపు సంస్థ) గుర్తింపు ఉన్న ఫార్మ్.డి మళ్లీ చదవాలె. దానికి ఖర్చు ఎక్కువ, ఇంకా ఒక చిక్కు ఏందంటే ఆ డిగ్రీ కోడ్ 51.2001, స్టెమ్ జాబితాలో లేదు. ఆ డిగ్రీ మీద ఓపీటీ 12 నెలలతోనే ఖతం.

అంతకంటే తన ఎంఎస్‌నే పూర్తిగా వాడుకునుడు నయం. 12 ప్లస్ 24, మూడేళ్ల పని అనుమతి, మూడు మార్చి నెలలు. రెగ్యులేటరీ, సీఎంసీ (మందు తయారీ, నాణ్యత పత్రాలు), స్టెబిలిటీ, అనలిటికల్ డెవలప్‌మెంట్ పోస్టులకు లైసెన్స్ అక్కర్లేదు. రెజ్యూమేలో హెచ్‌పీఎల్‌సీ (మందు విశ్లేషణ పద్ధతి) అని ఒక్క మాట రాస్తే చాలదు. ఏ మాలిక్యూల్, ఏ కాలమ్, మెథడ్ వాలిడేషన్‌లో ఏ పారామీటర్లు చేసింది, ఐసీహెచ్ క్యూ2 (విశ్లేషణ పద్ధతుల వాలిడేషన్ మార్గదర్శకం) ప్రకారం లీనియారిటీ, ప్రెసిషన్, ఎల్‌ఓడీ (గుర్తించగల కనిష్ఠ పరిమాణం) ఎట్ల తీసింది రాయాలె. ఇంటర్వ్యూలో అడిగేది అవే. కన్సల్టెన్సీ వాళ్లు లేని అనుభవం రాసి పంపితే ఆ రాత హెచ్-1బీ ఫైల్‌లకు, రేపు గ్రీన్‌కార్డ్ ఫైల్‌లకు వస్తది, దాన్నుంచి బయటపడేది ఉండదు.

గద్వాల_యూకే

బి.ఫార్మ్ నాలుగేళ్ల వాళ్లకు బ్రిటన్‌లో దారి ఉంది, అందుకే రాస్తున్నా. జీపీహెచ్‌సీ (అక్కడి ఫార్మసీ నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం అర్హత తేల్చుకుని, విదేశీ ఫార్మసిస్టుల కోసం పెట్టిన ఓఎస్‌పీఏపీ అనే ఏడాది కోర్సు స్టూడెంట్ వీసా మీద చదవాలి. స్వదేశంలో ఫార్మసిస్ట్‌గా అర్హత ఉన్నట్టు చూపాలి, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ నాలుగింటిలోనూ 7. తర్వాత 52 వారాల ఫౌండేషన్ శిక్షణ, ఆపై రిజిస్ట్రేషన్ పరీక్ష. ఆ పరీక్ష జూన్, నవంబర్‌లలో ఉంటుంది. మొదటి పేపర్ 40 లెక్కల ప్రశ్నలు రెండు గంటలు, రెండోది 120 ప్రశ్నలు రెండున్నర గంటలు. మూడు ప్రయత్నాలే ఇస్తారు.

మనవాళ్లు పొరబడేది కోర్సు పేరు దగ్గర. ఎంఎస్సీ ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌కు వెళ్తే ఫార్మసిస్ట్ రిజిస్టర్‌లోకి రారు. ఏజెంట్ "ఫార్మసీలో మాస్టర్స్" అంటాడు, సంతకం పెట్టే ముందు ఆ యూనివర్సిటీ ఓఎస్‌పీఏపీ జీపీహెచ్‌సీ జాబితాలో ఉందా చూడాలి.

స్టూడెంట్ నుంచి స్కిల్డ్ వర్కర్‌కు దేశం లోపలే మారవచ్చు, కోర్సు పూర్తయ్యాకే. ఫార్మసిస్ట్ కోడ్ 2251 హెల్త్ అండ్ కేర్ వీసాలో వస్తుంది కాబట్టి ఆరోగ్య సర్‌చార్జ్ ఉండదు. యజమాని ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ మూడు నెలల్లో వాడాలి. దాన్ని డబ్బుకు అమ్మేవాళ్లున్నారు. కొన్నదాని మీద వచ్చిన వీసా, స్పాన్సర్ లైసెన్స్ రద్దయితే కూలుతుంది.

మిర్యాలగూడ_ఫార్మ్‌డి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో రెండు అడుగుతాను. ముందు ఒక ఫార్మా కంపెనీ ద్వారా హెచ్-1బీ తెచ్చుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఇంటర్న్ గంటలు చేసుకుంటే నడవదా? ఇంకోటి, ఒక రాష్ట్రంలో గంటలు చేసి వేరే రాష్ట్రంలో ఉద్యోగం పట్టుకోవచ్చా?

కోదాడ_పేపర్‌వర్క్

మొదటిది నడవదండి. హెచ్-1బీ మీద ఉన్నప్పుడు పిటిషన్ వేసిన యజమాని దగ్గరే పని చేయాలి. ఇంటర్న్ గంటలకు ఫార్మసీ విడిగా పిటిషన్ వేయాలి, ఇంటర్న్ పోస్టుకు అది వేయడానికి ఫార్మసీలు సాధారణంగా ముందుకు రావు. గంటలకు స్వేచ్ఛ ఉన్నది ఓపీటీ మొదటి ఏడాదిలోనే. అందుకే తేదీల గురించి అంత రాశాను.

పాలమూరు_ఆర్‌పీహెచ్

రెండోది కుదురుతది, కానీ రెండు బోర్డులూ ఒప్పుకోవాలె. గంటలు చేసిన రాష్ట్రం బోర్డు వాటిని ధ్రువీకరించి రెండో బోర్డుకు పంపాలె. ఆ రెండో రాష్ట్రం విదేశీ గ్రాడ్యుయేట్ల నుంచి బయటి గంటలు తీసుకుంటదా అని గంటలు మొదలుపెట్టకముందే ఈమెయిల్ చేసి జవాబు దాచుకో. ఫోన్ల చెప్పింది లెక్క కాదు. నాప్లెక్స్ స్కోరు ఇంకో రాష్ట్రానికి బదిలీ చేయొచ్చు, చట్టం పరీక్ష ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రంలనే అడుగుతరు.

గంటల పుస్తకం వారం వారం ప్రిసెప్టర్‌తో సంతకం పెట్టించుకో, తేదీ, ఆయన లైసెన్స్ నంబర్ సహా. చెయిన్ స్టోర్లల్ల ఫార్మసిస్ట్‌లు నెలల్లనే మారిపోతరు. ఆఖరుకు ఒకేసారి పెట్టిద్దామనుకుంటే ఆయన ఇంకో రాష్ట్రంల ఉంటడు, సగం గంటలకు సాక్ష్యం ఉండదు. పని మొదలుపెట్టిన రోజే బోర్డు వెబ్‌సైట్‌లో ఆయన పేరు కొట్టి, ఆ రాష్ట్రం ప్రిసెప్టర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ అడిగేదైతే అది ఉందా చూసుకో. నాప్లెక్స్‌కు ఆ తొమ్మిది నెలల్లనే చదువుతుండు. లెక్కలు, స్టెరైల్ కాంపౌండింగ్‌కు యూఎస్‌పీ ప్రమాణం 797, ప్రమాదకర మందులకు 800, ఈ మూడు షాపుల చూసి నేర్చుకుంటే పుస్తకం సగం తేలికైతది. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలె, నీ క్యాలెండర్‌లో ఆ 45 రోజులకు ఇప్పుడు చోటు లేదు.